ఏడో ఎత్తు

25 నవంబర్ 2024, సోమవారం

మధ్యాహ్నం రెండున్నరకు సింగపూర్‌లో ప్రపంచ చదరంగ చాంపియన్‌షిప్ మొదటి ఆట మొదలైంది. మా సెంటినరీ కాలనీలో అది బొగ్గు గనుల్లో ఫస్ట్ షిఫ్ట్ దిగేవాళ్ల కోసం పొయ్యిల మీద అన్నం మళ్లీ వేడెక్కే వేళ. నేను ఫోన్ గోడకు ఆనించి, పక్కన మా బోర్డు పరుచుకుని కూర్చున్నాను.

మన గుకేశ్ తెల్లపావులతో రాజు ముందరి బంటును రెండు గళ్లు నడిపాడు. ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్ తన రాజు ముందరి బంటును ఒక్క గడే జరిపాడు. ఫ్రెంచ్ డిఫెన్స్.

సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా బోర్డు చూసింది. "తాతా, గిది మన డిఫెన్సే గదా!" అంది. పదకొండేళ్ల పిల్లకు ప్రపంచ చాంపియన్ తన ఆటే ఆడుతున్నాడని తెలిసిన క్షణం అది. రాత్రి ఏడు దాటేసరికి గుకేశ్ ఓడిపోయాడు. గుకేశ్ గెలవాలని కోరుకుంటూనే నల్లపావులు గెలిచినందుకు పిల్ల కళ్లు మెరిశాయి. నేనేమీ అనలేదు. తను ఆడే ఆట మీద నమ్మకం కుదరడం మంచిదే.

27 నవంబర్, బుధవారం

గుకేశ్ మూడో ఆట గెలిచాడు. లెక్క సమం.

28 నవంబర్, గురువారం

ఈరోజు సింగపూర్‌లో విశ్రాంతి. పిల్ల అడిగింది: "మనం ఆడేదానికి ఫ్రెంచ్ అని పేరెందుకు?"

1834లో పారిస్ వాళ్లూ లండన్ వాళ్లూ ఉత్తరాల మీద చదరంగం ఆడారు. ఒక్కో ఎత్తు ఒక్కో ఉత్తరం. పారిస్ వాళ్లు ఈ6 పెట్టి, అంటే రాజు ముందరి బంటును ఒక్క గడే జరిపి గెలిచారు. అప్పటినుంచి ఆ పేరు నిలిచింది.

మరి ఇండియన్ డిఫెన్స్ అంటారు, అదెవరిది అంది. అది మనవాళ్లదే. 1850ల ప్రాంతంలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండ్ బారిస్టరు ఉండేవాడు. ఆయనతో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ పల్లెటూరి బ్రాహ్మణుడు వందల ఆటలు ఆడాడు. మన పాత పద్ధతిలో బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్ల దూకుడు లేదు. ఒక్కో గడే నడవాలి. అలా ఆడుతూ పెరిగినవాడు కనుక బెనర్జీ మధ్య గళ్ల మీదికి పరుగెత్తడు. పక్కన బంటును ఒక గడి జరిపి, దాని వెనక ఒంటెను కూర్చోబెట్టి, దూరం నుంచి గురి పెడతాడు. ఆ అలవాటే ఈనాటి ఇండియన్ డిఫెన్సులకు పేరు తెచ్చింది.

నిదానం చేతకానితనం కాదని పిల్లకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు.

30 నవంబర్, శనివారం

ఐదో ఆట. మళ్లీ ఫ్రెంచ్. కానీ ఈసారి గుకేశ్ మూడో ఎత్తులోనే మధ్య బంట్లను మార్చేసుకున్నాడు. ఎక్స్‌ఛేంజ్ వేరియేషన్. నలభై ఎత్తులకు డ్రా.

"ఎవరన్నా నాతోని గిట్ల మార్చుకుంటే ఏం జెయ్యాలె తాతా?"

"అది డ్రా ఆట బిడ్డా. మన దగ్గర పిల్లలు అంతగా ఆడరు. ముందుగాల అసలుది నేర్చుకో."

వచ్చే నెల 22న కరీంనగర్‌లో ఒకరోజు టోర్నీ ఉంది. మూడు వారాలే మిగిలాయి. అన్నీ చెప్పలేం కదా అనుకున్నాను.

1 డిసెంబర్, ఆదివారం

కొత్త రేటింగ్ జాబితా వచ్చింది. మన హనుమకొండ కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2801 దగ్గర నిలబడ్డాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు ఇతనొక్కడే. సెప్టెంబర్‌లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మనవాళ్లు తొలిసారి బంగారం గెలిచినప్పుడు మూడో బోర్డు మీద పదకొండు ఆటల్లో పది పాయింట్లు తెచ్చింది ఇతనే. హనుమకొండ మనకు పెళ్లికి పోయి రాత్రికి తిరిగొచ్చే దూరం. పిల్ల పేపర్లో ఫోటో కత్తిరించి లెక్కల నోట్‌బుక్ అట్టకు అంటించింది.

మధ్యాహ్నం అసలు పాఠం.

తెల్ల ఈ4, నల్ల ఈ6. డీ4, డీ5. తెల్ల బంటు ఈ5కు ముందుకు తోస్తుంది. దీన్నే అడ్వాన్స్ అంటారు. మనం సీ5 పెట్టి దాని పునాదిని తవ్వుతాం. తెల్ల సీ3తో కాపు పెడుతుంది. మన గుర్రం సీ6, తెల్ల గుర్రం ఎఫ్3. మన మంత్రి బీ6. ఇప్పుడు అందరి చూపూ డీ4 బంటు మీదే. ఆరో ఎత్తు, తెల్ల ఒంటె డీ3కి వస్తుంది. మన సీ5 బంటు డీ4ను కొడుతుంది, తెల్ల సీ3 బంటు తిరిగి కొడుతుంది.

ఏడో ఎత్తు మనది. డీ4 బంటును మన గుర్రం, మంత్రి రెండూ చూస్తున్నాయి. కాపు ఉన్నది ఒక్క గుర్రమే. తెల్ల మంత్రికి దాని సొంత ఒంటే అడ్డం.

"ఫుకట్ల బంటు తాతా!" అని గుర్రంతో కొట్టింది. నా గుర్రం దాని గుర్రాన్ని కొట్టింది. దాని మంత్రి నా గుర్రాన్ని కొట్టింది. నేను ఒంటెను బీ5కు జరిపాను. రాజుకు చెక్. ఒంటె పక్కకు తప్పుకోగానే నా మంత్రికి దాని మంత్రి ఎదురుగా దొరికింది. ముందు చెక్ తప్పించుకోవాలి. మంత్రి పోయింది.

పిల్ల చాలాసేపు బోర్డునే చూస్తూ ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ జారనీయలేదు.

1 డిసెంబర్, రాత్రి

నిద్ర పట్టలేదు. పిల్ల అన్న "ఫుకట్ల" మాట చెవుల్లో మోగుతోంది. ఆ మాట నేను గనిలో విన్నాను.

బొగ్గును చేతులతో తట్టలకెత్తే తట్టా చెమ్మస్ రోజులు. బ్లాస్టింగ్ అయ్యాక గోడ ముఖం దగ్గర బొగ్గు కుప్పపడి మెరుస్తుంటుంది. ఎత్తుకోవడమే ఆలస్యం అన్నట్టుంటుంది. కానీ పొగ పోయాక మొదట లోపలికి పోవాల్సింది బొగ్గెత్తే ఫిల్లర్ కాదు. సబ్బల్ పట్టుకున్నవాడు పోవాలి. ఉన్న కప్పు కింద నిలబడి, ముందున్న రూఫ్‌ను కొట్టి చూడాలి. ఖంగున మోగితే రూఫ్ మంచిగున్నట్టు. బొదబొదమంటే పైన పొర విడిపోయినట్టు. విడిపోయినదాన్ని డ్రెస్సింగ్ చేసి కింద పడేసి, టింబర్ నిలబెట్టి, ఆ తర్వాతే తట్ట ముట్టాలి.

ఒకనాడు కొత్తగా చేరిన పిల్లగాడు "ఫుకట్ల పడ్డది గదనే" అంటూ నా పక్కనుంచి ముందుకు ఉరికాడు. చొక్కా పట్టి వెనక్కి లాగాను. గుండీలు తెగి నా చేతిలోకి వచ్చాయి. వాడు అడుగుపెట్టబోయిన జాగాలో మంచమంత బండ దిగింది. దుమ్ము తేరుకునేదాకా ఇద్దరం మాట్లాడలేదు. వాడు తర్వాత ముప్పై ఏళ్లు పనిచేసి క్షేమంగా దిగిపోయాడు.

డీ4 బంటు ఆ బొగ్గే. అది మనదే, కానీ ముందు గుంజ నిలబెట్టాలి.

2 డిసెంబర్, సోమవారం

పొద్దున్నే, బడి వ్యాన్ రాకముందు, పిల్లకు ఆ కథ చెప్పాను. తర్వాత ఏడో ఎత్తులో ఒంటెను సీ8 నుంచి డీ7కు ఒక్క గడి జరిపి చూపించాను.

"అంతేనా?"

"అంతే. ఇప్పుడు బీ5 చెక్ ఉన్నదా?"

వేలు పెట్టి దారి చూసుకుంది. బీ5, సీ6, డీ7. దారిలో మన ఒంటె నిలబడి ఉంది. తెల్ల ఒంటె బీ5కు వస్తే మన ఒంటే దాన్ని కొడుతుంది. ఇప్పుడు బంటు నిజంగా మనది.

ఫ్రెంచ్‌లో ఈ సీ8 ఒంటెను అందరూ చెడ్డ ఒంటె అంటారు. సొంత బంట్లే దాని ముందు గోడ కట్టేస్తాయి కనుక. ఆ చెడ్డ ఒంటే ఇక్కడ ఒక్క గడి జరిగి ఇల్లు నిలబెడుతుంది. పిల్లకు అది బాగా నచ్చింది. వ్యాన్ ఎక్కుతూ "చెడ్డది గాదు తాతా, గుంజ" అంది.

4 డిసెంబర్, బుధవారం

ఉదయం 7:27. చేతిలో టీ గ్లాసు వణికింది. తర్వాత కిటికీ, మంచం. ఈ నేలలో ఇన్నేళ్లు బతికినవాడికి బ్లాస్టింగ్ అదురు తెలుసు. అది ఒక్కసారి కొట్టి పోతుంది. ఇది కొట్టలేదు, ఊపింది. బ్లాస్టింగ్‌కు వేళ కూడా కాదు. క్వార్టర్లలో అందరం బయటికి వచ్చాం.

భూకంపం. కేంద్రం ములుగు జిల్లా, 5.3.

కొడుకు ఫస్ట్ షిఫ్ట్‌లో ఓపెన్‌కాస్ట్‌లో ఉన్నాడు. మూడుసార్లు చేశాక ఫోన్ ఎత్తాడు. "ఏంగాలె బాపు, బెంచి మీదనే ఉన్న" అన్నాడు. నేను ముందుగా తలుచుకున్నది మాత్రం భూగర్భంలో ఉన్నవాళ్లను. 2014 నుంచి అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం నడుస్తోంది. అక్కడ ఇప్పుడు కర్ర గుంజలు లేవు. వరసగా నిలబడ్డ ఉక్కు షీల్డులే హైడ్రాలిక్ బలంతో కప్పును మోస్తాయి. యంత్రం బొగ్గు కోసుకుంటూ పోతుంటే అవి ఒక్కొక్కటీ దాని వెంట ముందుకు జరుగుతాయి. సబ్బల్ పోయి యంత్రం వచ్చినా వరుస మారలేదు. ముందు ఆధారం, తర్వాత బొగ్గు.

లోపలికి వస్తే రాత్రి పేర్చి ఉంచిన బోర్డు కనిపించింది. పావులు పడలేదు, కానీ గళ్ల గీతల మీదికి జరిగాయి. పిల్ల దగ్గరికి వెళ్లి, ముట్టుకునే ముందు "సరిచేస్తున్నా" అని పైకి అంది. ముట్టుకున్న పావు కదపాలన్నది టోర్నీ నియమం. సరిచేసేవాడు ముందే ఆ మాట చెప్పాలి. భూకంపం వచ్చిన పొద్దున కూడా పిల్ల నియమం మరవలేదు. నాకు ధైర్యం వచ్చింది.

7 డిసెంబర్, శనివారం

వరుసగా ఏడు డ్రాలు. మా వీధిలో చూసేవాళ్లు తగ్గారు. పిల్ల మాత్రం ప్రతి ఆటలో మొదటి పది ఎత్తులు నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. పక్కన ఒక గడి గీసి "ఎందుకు" అని రాసింది. ఆ గడిలో చాలా చోట్ల ఖాళీ. ఆ ఖాళీ ఉంచడం నేర్చుకున్నందుకు సంతోషం.

8 డిసెంబర్, ఆదివారం

పదకొండో ఆట గుకేశ్‌ది. 6–5.

ఈరోజు ఇంట్లో రెండో గుంజ నేర్చుకున్నాం. మనం ఒంటెను డీ7లో పెట్టాక తెల్ల ఆటగాడు భయపడకుండా కోట కట్టుకుని, డీ4 బంటును కావాలనే వదిలేయవచ్చు. దాన్ని మిల్నర్-బ్యారీ గాంబిట్ అంటారు. స్టూవర్ట్ మిల్నర్-బ్యారీ ఇంగ్లండ్ ఆటగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్‌లీ పార్క్‌లో కూర్చుని జర్మన్ల రహస్య సందేశాల కోడ్‌లు విప్పినవాళ్లలో ఒకడు. అలాంటివాడు ఊరికే బంటు ఇవ్వడు.

మనం డీ4ను తీసుకున్నాక మంత్రి బోర్డు నడుమకు వస్తుంది. ఎదురుగా ఈ5లో ఇంకో బంటు, అది కూడా ఉత్తదే. దాన్ని కూడా తింటే తెల్ల ఏనుగు ఈ1కు వచ్చి మంత్రిని తరుముతుంది, గుర్రం బీ5కు దూకుతుంది, రాజు ఇంకా నడివీధిలోనే ఉంటాడు. అందుకని పదో ఎత్తులో చేయి ఈ5 మీదికి పోకూడదు. ఏ6 పెట్టాలి. ఆ చిన్న బంటు ఒక్క గడి నడిచి బీ5 తలుపు మూస్తుంది.

"ఒక్కటి తిని, తలుపేసుకోవాలె" అని పిల్ల రాసుకుంది.

9 డిసెంబర్, సోమవారం

డింగ్ పన్నెండో ఆట గెలిచాడు. 6–6. ఓడిన మర్నాడే అలా తిరిగి నిలబడటం ఎంత కష్టమో ఆడేవాళ్లకు తెలుసు. ఈ మనిషి మీద గౌరవం పెరిగింది.

11 డిసెంబర్, బుధవారం

పదమూడో ఆట. డింగ్ మూడోసారి ఫ్రెంచ్ బయటికి తీశాడు. గుకేశ్ మొదటి ఆటలో ఓడిన దారినే కొంతదూరం నడిచి, అక్కడినుంచి పక్కకు మళ్లాడు. డ్రా.

కాలు జారిన చోటికే తిరిగి వెళ్లాడు. భయపడి ఇంకో ఓపెనింగ్ వెనక దాక్కోలేదు, ముందుసారి పడిన చోటే ఈసారి కొత్తగా తవ్వాడు. పిల్లకు చూపించాల్సింది ఇదే.

12 డిసెంబర్, గురువారం

రాసేటప్పటికి చేయి వణుకుతోంది.

పద్నాలుగో ఆట. డింగ్ తెల్ల. మొదటి ఎత్తు గుర్రం ఎఫ్3. చివరికి ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో ఒంటె, గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. డ్రా అనే అందరూ అన్నారు. మర్నాటి టై బ్రేక్ గురించి మాట్లాడుకుంటున్నారు.

55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కు జరిపాడు. ఏనుగులు మార్చుకుంటే ఆట తేలిక అవుతుందని అనుకున్నాడేమో. కానీ ఆయన ఒంటె ఏ8 మూలన ఇరుక్కుని ఉంది. ఏనుగులు పోగానే గుకేశ్ తన ఒంటెను డీ5లో నిలబెట్టాడు. ఇక ఒంటెల మార్పిడి తప్పదు. అన్నీ పోయాక రాజులు, బంట్లు మిగిలాయి. ఆ ఒక్క బంటు చాలు. 58వ ఎత్తుకు ఆట ముగిసింది.

గుకేశ్ ఏడ్చాడు. నీళ్లు తుడుచుకుని, పావులన్నింటినీ ఒక్కొక్కటిగా మొదటి గళ్లలోకి తిరిగి పేర్చాడు. ప్రపంచం చూస్తుండగా బోర్డును మళ్లీ ప్రారంభానికి తెచ్చి పెట్టాడు. పద్దెనిమిదేళ్లు. అంతవరకు అందరికంటే చిన్న చాంపియన్ కాస్పరోవ్‌కు 1985లో గెలిచేనాటికి ఇరవై రెండేళ్లు.

చెన్నైలో స్థిరపడిన తెలుగు ఇంటి పిల్లవాడు. వెనకాల నిలిచిన జట్టులో మన గుంటూరు పెంటల హరికృష్ణ ఉన్నాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచిన హరికృష్ణ. తెర వెనక గుంజలు నిలబెట్టేవాళ్ల పేర్లు ఆట ముగిశాక గానీ బయటికి రావు. నాకు అలాంటివాళ్లంటే ఎప్పుడూ ప్రేమే.

15 డిసెంబర్, ఆదివారం

పొద్దున్నే చలిలో బేగంపేట వైపు నుంచి మా దగ్గరి గుట్ట మీది ఖిల్లా ఎక్కాం. పిల్ల ముందు, నేను వెనక. శ్రావణంలో ఈ దారి జనంతో నిండి ఉంటుంది, ఇప్పుడు కోతులు, మేం ఇద్దరమే. కాకతీయులనాటి రాళ్ల మధ్య కూర్చుని సద్ది తిన్నాం. ఒక దిక్కున ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలు, ఇంకో దిక్కున పొలాలు.

"తాతా, కోట కట్టినంక రాజు ఇంక బయటికి రాడా?"

"వస్తడు బిడ్డా. పావులు తగ్గినంక రాజే ముందుకు నడవాలె. అప్పుడు రాజు కూడా కూలి పని చేస్తడు."

దిగేటప్పుడు దారిలో నేల మీద గళ్లు గీసి, రాయి రాజు, పుల్ల బంటు. రాజు ముందు నడవాలి, బంటు వెనక రావాలి. నల్ల రాజు డీ3, బంటు డీ4, తెల్ల రాజు డీ1. ఎవరి వంతైనా గెలుపు మనదే. పిల్ల నాలుగుసార్లు ఆడి చూసి నమ్మింది.

21 డిసెంబర్, శనివారం

రేపే. కోడలు పులిహోర కలుపుతోంది. పిల్ల పెన్ను రెండుసార్లు సంచిలో పెట్టి తీసింది.

నా అర సర్దుతుంటే విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్‌లో కొన్న సోవియట్ చెస్ పుస్తకం దొరికింది. అట్ట ఊడింది. ఆ రోజుల్లో ఆ వ్యాన్ మా ఊళ్లకు రాకపోతే నాకు ఈ ఆట రాకపోయేది. ఇంగ్లిషు సగమే వచ్చినా బొమ్మలూ ఎత్తులూ చదువుకుంటూ నేర్చుకున్నాను. ఈ పిల్లకు ఫోన్‌లో ప్రపంచమంతా ఉంది. కానీ పక్కన కూర్చుని "ఎందుకు" అని అడిగే మనిషి మాత్రం ఇంట్లోంచే రావాలి.

22 డిసెంబర్, ఆదివారం

పెద్దపల్లి మీదుగా తొమ్మిదికల్లా కరీంనగర్. ఐదు రౌండ్లు. ఒక్కొక్కరికి 25 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. పెద్దలను హాల్లోకి రానివ్వరు. కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడినుంచి బోర్డు కనిపించదు, పిల్ల భుజాలూ చేతులూ కనిపిస్తాయి.

మొదటి రౌండ్ గెలుపు. రెండోది ఓటమి. తెల్లపావులతో ఆడి, గడియారం మరిచిపోయింది.

మూడో రౌండ్‌లో నల్లపావులు వచ్చాయి. ఎదుట తనకంటే పెద్ద అబ్బాయి. మొదటి ఎత్తులు చకచకా నడిచాయి. చేతి ఊపును బట్టే అర్థమైంది, అడ్వాన్స్ పడింది. ఒకచోట అబ్బాయి వెనక్కి వాలి కూర్చున్నాడు. మా పిల్ల చేయి పైకి లేచింది, గాల్లో ఆగింది, కిందికి దిగింది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. నా గడియారంలో రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు.

చేయి బయటికి వచ్చింది. తన దగ్గరి వరుసలోని పావును ముట్టుకుంది. ఒక్క గడి జరిపింది.

బోర్డు కనిపించకపోయినా నాకు తెలిసిపోయింది. డీ7.

గంట తర్వాత బయటికి పరుగెత్తుకొచ్చి మెట్ల మీదే ఆటంతా చెప్పింది. అబ్బాయి కోట కట్టుకున్నాడు. బంటు తీసుకుంది. ఈ5 బంటు కూడా ఊరించింది, ముట్టుకోలేదు, ఏ6 పెట్టింది. అబ్బాయి దాడి చేశాడు, పావులు మారాయి. చివరికి ఒక్కో ఏనుగు, తనకు బంటు ఎక్కువ. ఏనుగులు మార్చుకోవచ్చు. "ఎఫ్2 గుర్తొచ్చింది తాతా. ముందుగాల రాజును నడిపిన. ముంగటికి పోయినంకనే ఏనుగు మార్చిన."

నాలుగో రౌండ్ కూడా గెలిచింది. నాలుగింట మూడు పాయింట్లు. ఐదోది గెలిస్తే బహుమతి వరుసలో ఉంటుంది.

ఐదో రౌండ్, నల్లపావులు. ఎదుట తన ఈడు పిల్ల. మూడో ఎత్తులోనే మధ్య బంట్లు మార్చేసుకుంది. చేతుల కదలికను బట్టే తెలిసింది, ఎక్స్‌ఛేంజ్.

మా పిల్ల తల తిప్పి కిటికీ వైపు చూసింది. నేను అక్కడే ఉన్నాను, చెప్పడానికి వీల్లేదు. వీలున్నా ఏం చెప్పాలి? "అది డ్రా ఆట, ముందుగాల అసలుది నేర్చుకో" అన్నది నేనే.

మిగతాది తర్వాత పిల్ల చెప్పింది. ఎదుటి పాప ఏది పెడితే తనూ అదే పెట్టుకుంటూ పోయింది. తెల్ల కోట కట్టుకున్నాక కూడా మా పిల్ల రాజు నడుమనే ఉన్నాడు. బంట్లు పోయి తెరుచుకున్న 'ఈ' వరుస మీదికి తెల్ల ఏనుగు వచ్చి చెక్ ఇచ్చింది. మా పిల్ల ఒంటెను ఈ6లో అడ్డం పెట్టింది. తెల్ల గుర్రం జీ5కు దూకి ఆ ఒంటె మీద పడింది. బంటు పోయింది, కోట పోయింది, కాసేపటికి ఆట పోయింది.

ఐదింట మూడు. కప్పు రాలేదు.

బస్సులో నా భుజం మీద తల పెట్టి, "నువ్వు చెప్పింది చేసిన తాతా, చెప్పనిది రాలే" అంది. నిందలాగా అనలేదు. ఉన్నమాట అంది. నేను ఒక్క గ్యాలరీకి టింబర్ పెట్టి, పక్క గ్యాలరీలోకి పిల్లను చీకట్లో పంపాను. అది నా తప్పు. సుల్తానాబాద్ దాటాక పిల్లకు ఆ మాట చెప్పాను. పిల్ల నా చేయి పట్టుకుని నిద్రపోయింది.

23 డిసెంబర్, సోమవారం

సింగరేణి దినోత్సవం. 1920లో ఇదే తేదీన మా బొగ్గు కంపెనీ ఏర్పడింది. కాలనీలో లైట్లు. రాణి రుద్రమదేవి స్టేడియం వైపు మైకు వినిపిస్తోంది. ఈరోజు నాకు దిగిపోయినవాళ్లు, దిగి పైకి రానివాళ్లు అందరూ గుర్తొస్తారు.

సాయంత్రం పక్క క్వార్టర్ పిల్లవాడు వచ్చాడు. మా పిల్ల వాడికి ఏడో ఎత్తు చూపిస్తోంది. వాడు గుర్రంతో డీ4 కొట్టబోయాడు. "ఆగు" అని వాడి చొక్కా అంచు పట్టుకుంది. నేను లోపలి గదిలోకి వెళ్లిపోయాను.

29 డిసెంబర్, ఆదివారం

తెల్లవారుతూనే వార్త. న్యూయార్క్‌లో కోనేరు హంపి ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2019లో మాస్కోలో ఒకసారి, ఇప్పుడు రెండోసారి. పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు. చివరి రౌండ్‌లో ఇండోనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్ మీద నల్లపావులతో గెలిచింది. ముప్పై ఏడేళ్లు, ఒక బిడ్డ తల్లి. 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన గుడివాడ అమ్మాయి, ఇరవై రెండేళ్ల తర్వాత కూడా చివరి రౌండ్‌లో గెలిచి తీరాల్సిన ఆట గెలిచింది. పిల్ల పదేపదే అడిగింది: "నల్లవాటితోనా? నిజంగనా?"

ఆ ఫోటో అర్జున్ పక్కన చేరింది.

మధ్యాహ్నం బోర్డు పరిచాం. నేను ఈ4, తను ఈ6. డీ4, డీ5. నేను బంట్లు మార్చుకున్నాను. ఎక్స్‌ఛేంజ్. ఓడిన చోటే మొదలుపెట్టాం.

పిల్ల కాసేపు చూసి, "తాతా, ఇందుల మన ఒంటెకు తలుపు ముందే తెరిచి ఉన్నది" అంది. నిజమే. ఈ6 బంటు డీ5కు పోయింది కనుక సీ8 ఒంటె దారి ఖాళీ. ఇన్నాళ్లూ నేను ఆ సంగతి పిల్లకు చూపించనే లేదు. "కానీ తలుపు తెరిస్తే వాళ్లకూ తెరిచినట్టే" అని, వేలితో 'ఈ' వరుసను పై నుంచి కింది దాకా గీసింది. రాజు ఇక్కడ ఎక్కువసేపు నిలబడకూడదని తనే చెప్పుకుంది.

నాలుగో ఎత్తులో నేను గుర్రం ఎఫ్3 పెట్టాను. జవాబు ఏం పెట్టాలని నన్ను అడగలేదు. గడియారం ఆపింది. నోట్‌బుక్ తెరిచి "ఎందుకు" గడిలో పెన్ను ఆనించి కూర్చుంది. నేనూ పుస్తకం తియ్యలేదు. ఇద్దరం ఒకే బోర్డు మీదికి వంగి, ఆ ఎత్తు మొదటి నుంచి ఆలోచించడం మొదలుపెట్టాం.